తాత రెండొందలు... మనవడు నాలుగొందలు!

ఫ్రాన్సు తూర్పు అంచున, స్ట్రాస్‌బర్గ్ నగరానికి దగ్గర్లో మోల్షైమ్ అనే చిన్న ఊరుంది. చుట్టూ ద్రాక్ష తోటలు, పాతకాలపు ఇళ్లు... పెద్దగా హడావుడి లేని ఊరు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం అదో పుణ్యక్షేత్రం. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో వెతుక్కుంటూ అక్కడికి వస్తారు. కారణం- బుగాటి!

ఆ ఊళ్లో పుట్టిన రెండు కార్ల కథ ఇది. ఒకటి టైప్ 35. 1924లో తొలిసారి రేసులోకి దిగింది. రెండోది వేరాన్. 2005లో రోడ్డెక్కింది. మధ్యలో 81 ఏళ్లు. రెండింటికీ ముందు భాగంలో అదే గుర్రపు నాడా ఆకారం, దాని మీద అదే ఎర్రటి కోలగుండ్రటి బిళ్ల. పోలికలు చూస్తే తాతా మనవళ్లని ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు. పోలికలు అక్కడితోనే సరి!

తాతగారి బరువు సుమారు 750 కిలోలు. మన మారుతి 800 కన్నా కాస్త ఎక్కువ, అంతే. రెండు లీటర్ల ఇంజిన్, వరసగా నిలబెట్టిన ఎనిమిది సిలిండర్లు, మొదట్లో 90 హార్స్‌పవర్. తర్వాత ఇంజిన్‌ను కొంచెం పెంచి, గాలిని బలంగా లోపలికి నెట్టే సూపర్‌చార్జర్ తగిలించి 35బి అనే రకం తెచ్చారు. దాని బలం 140 హార్స్‌పవర్ దాకా ఉండేది. వేగం గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. అది 1920లలో! హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇవాళ అనుమతించే గరిష్ఠ వేగం 120 అన్నది గుర్తు చేసుకుంటే ఆ ముసలి బండి సత్తా ఏమిటో తెలుస్తుంది.

ఇక మనవడి సంగతి. ఎనిమిది లీటర్ల ఇంజిన్, పదహారు సిలిండర్లు, నాలుగు టర్బోలు, 1001 హార్స్‌పవర్. బరువు 1,888 కిలోలు. నిలబడ్డ చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి రెండున్నర సెకన్లు చాలు. గరిష్ఠ వేగం గంటకు 407 కిలోమీటర్లు. తాత వేగానికి సరిగ్గా రెండింతలనుకోవచ్చు.

రెండింతల వేగానికి బలం ఎన్ని రెట్లు పెరగాలి? రెండు రెట్లు చాలవా? ఇక్కడే ఉంది తమాషా అంతా.

ఎనిమిది రెట్ల లెక్క

స్కూటర్ మీద వెళ్లేటప్పుడు చెయ్యి పక్కకు చాపితే గాలి వెనక్కి నెడుతుంది కదా. వేగం రెట్టింపైతే ఆ తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పైగా రెట్టింపు వేగంలో ఒక్కో సెకనుకు రెట్టింపు దూరం ఆ గాలిని చీల్చుకుంటూ పోవాలి. నాలుగు రెళ్లు ఎనిమిది. అంటే రెండింతల వేగానికి ఎనిమిది రెట్ల బలం కావాలన్నమాట.

తాత బలం 140. ఎనిమిదితో హెచ్చిస్తే 1,120. మనవడి బలం 1001. ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి! ఆ కాస్త తేడా ఎలా పూడిందంటే... వేరాన్ ఒళ్లు నున్నగా, గాలి జారిపోయేలా ఉంటుంది. టైప్ 35లో చక్రాలు బయటికి, డ్రైవరు తల గాలిలోకి. గాలికి ఎన్ని అడ్డంకులు ఉండాలో అన్నీ ఉన్నాయి.

ఈ లెక్క అక్కడితో ఆగలేదు. 2010లో వేరాన్‌కే సూపర్ స్పోర్ట్ అనే అన్నగారొచ్చాడు. 1,200 హార్స్‌పవర్. పరీక్షలో గంటకు 431 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అంటే అదనంగా వచ్చిన 24 కిలోమీటర్ల కోసం పెట్టిన ఖర్చు 200 హార్స్‌పవర్. తాతగారి మొత్తం బలం కన్నా ఎక్కువ! పైకి వెళ్లేకొద్దీ ఒక్కో కిలోమీటరు వేగం అంత ఖరీదు.

బలం పెరిగితే వేడీ పెరుగుతుంది. పెట్రోలులో ఉన్న శక్తి అంతా చక్రాలకు చేరదు. వేరాన్‌లో చక్రాలకు వెయ్యి హార్స్‌పవర్ చేరాలంటే దాదాపు దానికి రెండింతలు వేడిగా బయటికి పోవాలి. అందుకే ఆ కారులో ఒకటీ రెండూ కాదు, పది రేడియేటర్లు! అసలు ఈ కారు తయారీ ఏళ్ల తరబడి ఆలస్యం కావడానికి కారణాల్లో ఈ వేడి ఒకటి. 1998లో బుగాటి పేరును కొన్న జర్మనీ సంస్థ ఫోక్స్‌వ్యాగన్‌కు అప్పటి అధిపతి ఫెర్డినాండ్ పియెష్. వెయ్యి హార్స్‌పవర్, 400 కిలోమీటర్ల వేగం ఉండి తీరాలని ఆయన పట్టుపట్టాడు. చెప్పడం తేలికే. చేసి చూపించాల్సిన ఇంజినీర్లకే తిప్పలు!

చేతులు కమిలిపోయే కారు

టైప్ 35ను నడపడమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు ఊహించుకోవడం కష్టం. ముందుగా కడ్డీ పెట్టి తిప్పి ఇంజిన్‌ను లేపాలి. పెట్రోలు ట్యాంకు వెనకాల ఉంటుంది. దాంట్లోంచి పెట్రోలు ఇంజిన్ దాకా రావాలంటే గాలి ఒత్తిడి కావాలి. అందుకు డ్యాష్‌బోర్డు మీద చేతి పంపు. సైకిలుకు గాలి కొట్టినట్టు కొడుతుండాలి. గేర్లు వాటంతటవి కలవవు. ప్రతిసారీ క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో యాక్సిలరేటర్‌తో ఇంజిన్ వేగాన్ని సరిచేసి, అప్పుడు గేరు వెయ్యాలి. చెవి సరిగ్గా లేకపోతే పళ్లు కొరికినట్టు కరకరమంటుంది. హ్యాండ్ బ్రేకు కారు బయట ఉంటుంది. తలకు తోలు టోపీ, కళ్లకు అద్దాలు. సీటు బెల్టు అన్న మాటే లేదు.

బ్రేకులకు నూనె గొట్టాలు ఉండవు. పెడల్ తొక్కితే ఇనుప తీగలు లాగుతాయి, అంతే. మిగతా కంపెనీలు హైడ్రాలిక్ బ్రేకులకు మారిపోయినా, బుగాటి 1930ల చివరి దాకా తీగలనే పట్టుకు వేలాడింది. తన కార్లు పరుగెత్తడానికే గానీ ఆగడానికి కాదని సంస్థాపకుడు ఎత్తోరె బుగాటి అన్నాడని ఓ చమత్కారం ప్రచారంలో ఉంది. అన్నాడో లేదో గానీ, ఆ మనిషిని తెలిసినవాళ్లెవరూ కాదనరు!

ఎత్తోరె ఇటలీవాడు. 1881లో మిలన్‌లో పుట్టాడు. తండ్రి కార్లో పేరున్న ఫర్నిచర్ కళాకారుడు. తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల బొమ్మలు చెక్కే శిల్పి. ఇంటినిండా కళాకారులే ఉంటే కారు మాత్రం మామూలుగా ఎలా ఉంటుంది? టైప్ 35 ముందు ఇరుసును లోపల బోలుగా తయారుచేసి, దానికి రంధ్రాలు పెట్టి, స్ప్రింగులను ఆ రంధ్రాల్లోంచే పంపించాడు. ఎనిమిది వెడల్పాటి ఆకుల అల్యూమినియం చక్రం అతని మరో ముద్ర. బ్రేకు డ్రమ్ము కూడా చక్రంతో కలిసే పోతలో వస్తుంది. చక్రం ఊడదీస్తే బ్రేకు షూలు కళ్లెదుట కనబడతాయి. టైరు మార్చే ఆ నిమిషంలోనే బ్రేకులూ చూసుకోవచ్చు. అందం కోసం చేసిన పని అనుకుంటాం. అవసరం కోసం చేసింది అందంగా వచ్చింది.

ఈ కారు గెలిచిన రేసులు వెయ్యికి పైనే అంటారు. సిసిలీ ద్వీపంలో కొండల మధ్య జరిగే టార్గా ఫ్లోరియోను 1925 నుంచి 1929 దాకా వరసగా ఐదేళ్లు బుగాటిలే ఎగరేసుకుపోయాయి. 1929 ఏప్రిల్ 14న మొనాకోలో మొట్టమొదటి గ్రాండ్ ప్రీ జరిగింది. ఆకుపచ్చ 35బిలో విలియం గ్రోవర్-విలియమ్స్, తెల్లటి మెర్సిడెస్‌లో రుడాల్ఫ్ కరాచియోలా. మెర్సిడెస్ ఇంజిన్ ఏడు లీటర్లు. ఏనుగుకూ జింకకూ పోటీలాంటిది. పెట్రోలు, టైర్ల కోసం ఆగిన మెర్సిడెస్‌కు నాలుగు నిమిషాలకు పైగా పట్టింది. అక్కడే కథ అయిపోయింది. ఇరుకు వీధుల్లో వంద చుట్లు, 318 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటలు. గెలిచిన బుగాటి సగటు వేగం ఎంతో తెలుసా? గంటకు 80 కిలోమీటర్లు! ఇవాళ మన హైవే మీద బస్సు వెళ్లే వేగం. కానీ ఆ ఎనభై కోసం ఒక మనిషి నాలుగు గంటలపాటు ప్రతి మలుపులోనూ చేతులతో, కాళ్లతో, చెవులతో కుస్తీ పట్టాడు.

ఎలిస్కా కథ

ఆ కుస్తీలో మగవాళ్లకు తీసిపోలేదో మహిళ. ఎలిస్కా యున్‌కోవా. ఇప్పటి చెక్ దేశస్తురాలు. భర్త రేసులు నడిపేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చేతికైన గాయం వల్ల ఆయనకు గేర్లు మార్చడం కష్టమైంది. దాంతో స్టీరింగ్ భార్య చేతికొచ్చింది. టార్గా ఫ్లోరియోలో ఒక్క చుట్టే 108 కిలోమీటర్లు. కొండదారి, వందల కొద్దీ మలుపులు. 1928 రేసుకు ఆమె ముందుగానే వెళ్లి, ఆ దారిలో నడిచి మరీ ఒక్కో మలుపునూ గుర్తుపెట్టుకుంది. ఏ రాయి దగ్గర బ్రేకు వెయ్యాలి, ఏ గోడ దాటాక గేరు మార్చాలి... అంతా మనసులోనే రాసుకుంది. రేసులో రెండో చుట్టుకు అందరికన్నా ముందుంది ఆమే! ఆ కాలంలో పేరుమోసిన మొనగాళ్లంతా వెనకాల. చివర్లో కారు మొరాయించి ఐదో స్థానానికి జారింది. మొదటి స్థానం ఆల్బర్ట్ దీవోది, అదీ బుగాటే.

రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ రేసులో ఆమె భర్త బుగాటి నడుపుతూ ప్రమాదంలో మరణించాడు. ఎలిస్కా రేసులు మానేసింది. కార్లు అమ్మేసింది.

పాత కార్ల గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ ముక్క చాలామంది దాటేస్తారు. ఆ రోజులే వేరు, డ్రైవర్లంటే వాళ్లేనంటూ మురిసిపోతారు. నిజమే, వాళ్లు మొనగాళ్లే. కానీ చిన్న పొరపాటుకు ప్రాణమే మూల్యం. ఎత్తోరె పెద్ద కొడుకు జ్యాన్ 1939 ఆగస్టులో, అదే ఏడాది లె మాన్ రేసు గెలిచిన కారును మోల్షైమ్ దగ్గర పరీక్షిస్తూ, అడ్డొచ్చిన సైకిలిస్టును తప్పించబోయి చెట్టుకు గుద్దుకుని చనిపోయాడు. వయసు ముప్ఫై. తండ్రి ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. 1947లో కన్నుమూశాడు. ఆ తర్వాత బుగాటి కార్ఖానా కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

మొనాకో విజేత గ్రోవర్-విలియమ్స్ చావు రేసులో రాలేదు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన బ్రిటన్ తరఫున జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో రహస్య ఏజెంటుగా పనిచేశాడు. 1943లో దొరికిపోయాడు. 1945లో నాజీల నిర్బంధ శిబిరంలో చంపేశారు. ఆయనతో కలిసి పనిచేసిన మరో బుగాటి డ్రైవర్ రాబర్ట్ బెన్వాకీ అదే గతి.

రెండో తాళంచెవి

అలాంటి కారుకు మనవడుగా వచ్చిన వేరాన్‌లో డ్రైవర్ పనేమిటి? స్టార్ట్ బటన్ నొక్కాలి. పెడల్ తొక్కాలి. ఏడు గేర్లూ కారే మార్చుకుంటుంది, కనురెప్ప వేసేలోపు. నాలుగు చక్రాలకూ ఎంతెంత బలం పంచాలో కంప్యూటరే చూసుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ కారు తనంతట తానే నేల వైపు వంగుతుంది, వెనక రెక్క పైకి లేస్తుంది. బ్రేకు గట్టిగా తొక్కితే ఆ రెక్కే నిలువుగా లేచి విమానం రెక్కలోని బ్రేకులాగా గాలిని అడ్డుకుంటుంది. 400 వేగంలో ఉన్న కారును పది సెకన్లలోపు ఆపేయగలదు. తీగల బ్రేకులు పెట్టిన తాతగారు చూస్తే ఏమనుకునేవాడో!

మామూలుగా నడిపితే ఈ కారు 375 దాటదు. 407 కావాలంటే డ్రైవరు సీటు పక్కన, నేల దగ్గర ఓ తాళం రంధ్రం ఉంటుంది. కారు ఆపి, ప్రత్యేకమైన రెండో తాళంచెవి అందులో పెట్టి తిప్పాలి. అప్పుడు కారు తన ఒంట్లో ఏ లోపమూ లేదని సరిచూసుకుని, నేలకు ఆరేడు సెంటీమీటర్ల ఎత్తుకు దిగి, రెక్కను దాదాపు పడుకోబెట్టి సిద్ధమవుతుంది. బ్రేకు తొక్కినా, స్టీరింగ్ కాస్త ఎక్కువ తిప్పినా ఆ ఏర్పాటు అక్కడికక్కడే రద్దు. అంటే మలుపుల్లేని తిన్నటి దారి కావాలి. జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ సొంత పరీక్షా మైదానం ఎరా-లెసీన్‌లో దాదాపు తొమ్మిది కిలోమీటర్ల తిన్నటి రోడ్డుంది. అలాంటివి ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2007లో ఆ రోడ్డు మీద వేరాన్‌ను 407 దాటించిన మనిషి ఎవరో తెలుసా? జేమ్స్ మే. రేసరు కాదు, బ్రిటన్ టీవీ వ్యాఖ్యాత. నెమ్మదిగా నడుపుతాడని తోటివాళ్లంతా ఆటపట్టించే పెద్దమనిషి! ఎలిస్కా వారాల తరబడి నడిచి, మలుపులు బట్టీపట్టి, 540 కిలోమీటర్లు కుస్తీ పట్టి చేసినదానికి రెట్టింపుకు మించిన వేగం ఆయన కూర్చున్న చోటే సాధించాడు. ఆయన్ని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఆ ఘనతలో పెద్దవాటా ఇంజినీర్లది. 407లో ఎవరు కూర్చున్నా ప్రాణంతో బయటికి రావాలన్నదే వాళ్ల పంతం. ఆ పంతం నెగ్గింది. యంత్రంగా చూస్తే టైప్ 35ను వేరాన్ పక్కన నిలబెట్టడానికే లేదు. అయితే తాత కారులో మనిషి లేకపోతే ఏమీ లేదు. మనవడి కారులో మనిషి చెయ్యాల్సింది ఏమీ లేదు. ఈ రెండో సుఖం ఎంత గొప్పదైనా, పిల్లలకు చెప్పుకోవడానికి కథ మాత్రం మొదటిదాంట్లోనే దొరుకుతుంది.

ఇద్దరినీ కలిపే ముడి మరొకటి ఉంది. టైరు! 1924 ఆగస్టు 3న లియాన్‌లో టైప్ 35 తొలి రేసు. ఎన్నో ఆశలతో ఐదు కార్లు దింపారు. టైర్ల పైపొరలు ఊడిపోవడం మొదలైంది. ఇంజిన్ బాగుంది, కారు బాగుంది, కానీ ఏడో స్థానమే గతైంది. 81 ఏళ్ల తర్వాత వేరాన్‌దీ అదే సమస్య. 407 వేగంలో టైర్లు పావుగంటకు మించి నిలవవని లెక్క. మరి ప్రమాదం కాదా అంటే, కంగారేం లేదు... ఆ వేగంలో వంద లీటర్ల ట్యాంకు పన్నెండు నిమిషాల్లోనే ఖాళీ అవుతుంది! 431 అందుకున్న సూపర్ స్పోర్ట్‌ను కూడా కొన్నవాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు 415 దగ్గర కళ్లెం వేసి ఇచ్చారు. టైర్ల కోసమే.

వేరాన్ తయారీ 2015లో ఆగింది. పదేళ్లలో చేసినవి 450. తర్వాత వచ్చిన షిరాన్ 2019లో 490 దాకా వెళ్లింది. వాటిలో చాలావరకు ఏసీ గ్యారేజీల్లో, దుమ్ము పడకుండా గుడ్డ కప్పుకుని ఉంటాయి. నాలుగొందల వేగానికి వెళ్లే రోడ్డు ఏదీ ఇంటి ముందు ఉండదు మరి.

టైప్ 35ల పరిస్థితి వేరు. ఇంగ్లాండ్‌లో ప్రెస్కట్ అనే చోట బుగాటి యజమానుల సంఘానికి సొంత కొండదారి ఉంది. 1938 నుంచి అక్కడ పోటీలు జరుగుతున్నాయి. దారి పొడవు కిలోమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. వందేళ్ల వయసు మీదపడుతున్న కార్లు అక్కడ ఇప్పటికీ ఒకదాని తర్వాత ఒకటి కొండెక్కుతాయి. ఆ కాలపు రేసు ఇంజిన్లకు ఆముదంతో చేసిన నూనె వాడేవారు. ఇప్పటికీ కొందరు అదే పోస్తారు. ఒకప్పుడు యూరప్‌కు ఆముదం గింజలు పెద్దయెత్తున పంపిన దేశాల్లో మనది ముఖ్యమైనది. నిజాం రాజ్యం ఆ పంటకు పేరున్న సీమ. ప్రెస్కట్‌లో కార్ల పక్కన నిలబడితే ముందుగా తగిలేది ఆ వాసనే. ఒకరు కడ్డీ తిప్పుతారు, మరొకరు చేతి పంపు కొడతారు. ఇంజిన్ వేడెక్కేదాకా అందరూ చేతులు తుడుచుకుంటూ వింటూ నిలబడతారు. తర్వాత టోపీ బిగించుకుని, క్లచ్ రెండుసార్లు తొక్కి, తీగల బ్రేకులనే నమ్ముకుని పైకి దూసుకెళ్తారు.